ఒక కాగితం అయ్యేదాకా

చెయ్యి డబ్బా కోసం వెళ్లి గచ్చుకి తగిలింది.

కుంచెలు కడుక్కునే నీళ్ల డబ్బా ఎప్పుడూ నా కుడి మోకాలి పక్కనే ఉంటుంది. పాత పచ్చడి డబ్బా, ప్లాస్టిక్‌ది. మొదట్లో గాజు సీసా ఉండేది, పగిలితే పిల్లల కాళ్లకి గుచ్చుకుంటుందని మార్చేశాను. చూడకుండానే కుంచె అందులో వెయ్యడం అలవాటు. ఆ సాయంత్రం కుంచె వెళ్లి గచ్చు మీద పడింది. అంతకు కొంచెం ముందే దొడ్డి గుమ్మం గడియ తీసిన చప్పుడు విన్నాను. ఆ రెండూ కలిసేసరికి నాకు మొత్తం తెలిసిపోయింది. బాబు డబ్బా తీసుకున్నాడు. పారబొయ్యడానికి రేవుకి వెళ్తున్నాడు. రేవులో రాత్రి నుంచి నీళ్లున్నాయి.

తెలిసింది. నేను లేవలేదు.

ఈ ఒక్క మాట రాయడానికే పిల్లలు పడుకున్నాక ఈ నోటుబుక్కు తీశాను. మిగతాదంతా అది ఎలా జరిగిందో చెప్పడానికి.

నేను బ్యాక్‌గ్రౌండ్లు చేస్తాను. బొమ్మలు వెయ్యను. మిక్స్‌డ్ మీడియా చేసేవాళ్లు ఎండుటాకులు, బట్టముక్కలు, పాత ఉత్తరాలు, గవ్వలు, గడియారం ముళ్లు ఇలాంటివన్నీ బోర్డు మీద అతికించి, మీద రంగులు వేసి బొమ్మ తయారు చేస్తారు. ఆ బొమ్మ వెనక ఏదో ఒకటి ఉండాలి కదా, అది నేను చేసి పంపుతాను. పాత గోడలా, చెట్టు బెరడులా, ఎండిన చెరువు అడుగులా కనిపిస్తుంది. చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది. నిజానికి అది టిష్యూ కాగితం, తెల్ల జిగురు, రంగు. అంతే.

డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ రూమ్మేటు ఒకమ్మాయి నేర్పింది. పెళ్లయ్యాక మర్చిపోయాను. చిన్నవాడు పుట్టాక, మా ఆయన మళ్లీ కువైట్ వెళ్లిపోయాక, చేతులు ఖాళీగా ఉంటే బుర్ర ఆగడం లేదని మొదలుపెట్టాను. ఫోన్లో ఒక పేజీ పెట్టుకుంటే వాళ్లూ వీళ్లూ చూసి అడగడం మొదలైంది.

పని చూడ్డానికి సులువు. కాగితాన్ని గుప్పిట్లో ఉండ చుట్టాలి. విప్పాలి. మళ్లీ చుట్టాలి. మూడోసారికి దానిలో బిగువంతా పోయి, బాగా ఉతికిన నూలు చీరలా మెత్తబడుతుంది. జిగురులో నీళ్లు కలిపి మజ్జిగలా పల్చన చేసి బోర్డు మీద పూసి, కాగితాన్ని దాని మీద వాల్చి, మెత్తటి వెడల్పు కుంచెతో మధ్య నుంచి అంచులకి తోసుకుంటూ పోవాలి. లోపలి గాలి పోవాలి గానీ ముడతలు పోకూడదు. గట్టిగా తోస్తే చిరుగుతుంది, మెల్లగా తోస్తే ఉబ్బుతుంది. ఆరాక ముదురు రంగుని నీళ్లలా పోస్తే అది ముడతల సందుల్లోకి దిగుతుంది. దాని మీద పొడి కుంచెతో లేతరంగు తేలిగ్గా రాస్తే ముడతల మీద మాత్రమే పట్టుకుంటుంది. అప్పుడు అది కాగితం అంటే ఎవరూ నమ్మరు.

ఒక్కటే నియమం. కాగితం ఒకసారి తడిశాక మధ్యలో వదలకూడదు. వదిలితే తడిసినంత మేర ఆరిపోయి అంచున గీత పడుతుంది. ఆ గీత మీద ఎన్ని పూతలు వేసినా తెలిసిపోతుంది.

ఇంకొకటి, ఫ్యాన్ వెయ్యకూడదు. కాగితాలు ఎగిరిపోతాయి. అందుకని ఈ వేసవంతా మధ్య గదిలో ఫ్యాన్ ఆపుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నాను. ఫ్యాన్ లేకపోతే ఇంట్లో ప్రతి చప్పుడూ వినిపిస్తుంది. అది కూడా చెప్పాలి.

మా అత్తగారికి ఈ పని మీద మొదట్నించీ అనుమానమే. ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "సాపుగా ఉన్నదాన్ని నలుపుతావు, నలిపినదాన్ని సాపు చేస్తావు. ముందే ఊరుకుంటే సగం పని తగ్గును కదమ్మాయ్," అన్నారు. పక్కింటివాళ్లు ఏం చేస్తుందండీ మీ కోడలని అడిగితే, మా గోడలకి బీటలు పడితే మేస్త్రీని పిలుస్తాం, మా కోడలు కావాలని బీటలు వేస్తుంది, వాటిని హైదరాబాదు వాళ్లు అడిగి పట్టుకెళ్తున్నారని చెప్పేవారు. చెప్పేటప్పుడు గొంతులో కొంచెం గర్వం కూడా ఉండేది.

కాగితం మా ఆయన తెస్తారు. కువైట్‌లో ఒకళ్లింట్లో ఆయన డ్రైవరు. ఆ ఇంటివాళ్లు బూట్లు, సెంట్లు, చొక్కాలు కొంటూనే ఉంటారట. ప్రతి పెట్టెలోనూ తెల్లటి టిష్యూ ఉంటుంది. ఇక్కడి పండ్ల కొట్లో దొరికేదానికన్నా పల్చన, తడిసినా తొందరగా చిరగదు. వాళ్లు చెత్తలో పడేసేవి ఈయన ఏరి, చేత్తో సాపు చేసి, పరుపు కింద దాచేవారు. కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు పెట్టె తెరిస్తే సగం కాగితాలే. మా అత్తగారు దుప్పట్లో, సబ్బులో ఉంటాయని పక్కన కూర్చున్నారు. చివరి పొర దాకా తీసి చూసి, "ఇదేంట్రా, సరుకు అక్కడుంచేసి చుట్టిన కాగితాలు తెచ్చేవు?" అన్నారు. ఆ రోజు ఇంటిల్లిపాదీ నవ్వేం. నేనూ నవ్వాను. నవ్వినట్టు గుర్తుంది.

నా భయాల సంగతి కూడా రాయాలి. పిల్లలు పుట్టకముందు నేనింత పిరికిదాన్ని కాదు. ఇప్పుడు ద్రాక్షపండు నాలుగు ముక్కలు చేస్తే గానీ బాబుకి పెట్టను. గాలేస్తే కొబ్బరిచెట్ల కింద నుంచి పిల్లల్ని నడవనివ్వను. ఊరంతా కొబ్బరితోటలే, ఎక్కడ నడవాలంటే రోడ్డు మధ్యలో నడవండంటాను, అప్పుడు లారీల భయం. బడి ఆటో పది నిమిషాలు ఆలస్యమైతే చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి వెళ్లిపోతాను. వీధి గేటు కదిలినా, దొడ్డి గుమ్మం గడియ చప్పుడైనా చేతిలో పని పడేసి లేచి చూసేదాన్ని. అలా లేచి లేచి బోర్డులు పాడయ్యేవి. గీతలు పడిన బోర్డులు మంచం కింద ఇప్పటికీ ఉన్నాయి.

ఒకరోజు ఫోన్లో ఈ మాటే చెప్పి ఏడ్చాను. మా ఆయన కసరలేదు. చాలాసేపు విని, ప్రతి చప్పుడుకీ లేవకు, చేతిలో ఉన్న ఆ ఒక్క కాగితం అయ్యాక లే అన్నారు. అమ్మ ఇంట్లోనే ఉంది కదా, ఈలోపు ఏమీ అయిపోదు అన్నారు. అది మంచి మాట. ఇప్పటికీ అది చెడ్డ మాటని నేననను. నేను దాన్ని నియమంగా పెట్టుకున్నాను. చప్పుడు వినిపిస్తే, భయం వేస్తే, ఒక కాగితం అయ్యేదాకా లేవకూడదు.

మొదటి వారం గుమ్మం వైపే చూస్తూ కుంచె తోసేదాన్ని. కాగితం అయ్యాక లేచి వెళ్తే, గడియ తీసింది అత్తగారే, కరివేపాకు కోస్తూ కనిపించేవారు. లేకపోతే కోడి. లేకపోతే గాలి. ప్రతిసారీ ఏమీ అయ్యేది కాదు. మే నెల వెళ్లేసరికి చప్పుడు వినిపించినా గుండె కదలడం మానేసింది. కుదిరిందనుకున్నాను. మా ఆయనకి కూడా అదే చెప్పాను. అయితే ఆ రోజుల్లోనే బాబు పరిగెత్తుకొచ్చి మెడ పట్టుకున్నా నాకు ఏమీ అనిపించేది కాదు. పాపకి జడ వేస్తూ వేస్తూ సగంలో ఎందుకు వేస్తున్నానో మర్చిపోయేదాన్ని. కూరలో ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు. అది కూడా ఎండ వల్లేననుకున్నాను.

అమలాపురం నుంచి ముక్తేశ్వరం వెళ్లే దారిలో, రోడ్డుకి ఒక పక్క ఇళ్లు, ఇళ్ల వెనక కాలువ. మా దొడ్లోంచి ఐదు మెట్లు కాలువలోకి దిగుతాయి. దాన్నే రేవంటాం. ఏటా వేసవిలో పూడిక తియ్యడానికి కాలువలు కట్టేస్తారు. నీళ్లు పోయి అడుగు బయటపడుతుంది. పగుళ్లిచ్చిన మట్టి, ఎండిన గుర్రపుడెక్క, ఒంటి చెప్పులు, మధ్యలో ఎక్కడో అరికాలు మునిగేంత నీళ్లు. ఆ నెలల్లో కాలువంటే పిల్లలకి ఆడుకునే చోటు. పాప తన స్నేహితురాళ్లతో నత్తగుల్లలు ఏరుకునేది. నేను ఆ పగుళ్లని ఫోన్లో ఫోటోలు తీసుకునేదాన్ని, అచ్చం అలా రావాలని.

జిగురు నీళ్లు నేను సింకులో పొయ్యను. ఒకసారి పోస్తే గొట్టం లోపల గడ్డకట్టుకుపోయి, పంపు మేస్త్రీ వచ్చి గొట్టమే కోసి తియ్యాల్సి వచ్చింది. అప్పట్నుంచి డబ్బా పట్టుకుని రేవు దిగి, చివరి మెట్టు మీద కూర్చుని, అక్కడున్న గుంటలో కుంచెలు జాడించి, మురికినీళ్లు మట్టిలో పారబోసి వచ్చేదాన్ని. బాబు నా వెనకే వచ్చేవాడు. వాడికి నాలుగున్నరేళ్లు. కొన్ని రోజులకి డబ్బా తనకే ఇమ్మని పేచీ పెట్టాడు. ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగేవాడు. చివరి మెట్టు మీద గొంతుక్కూర్చుని డబ్బా వంచి, "అయిపోయిందండీ" అనేవాడు. ఆ అండీ ఎక్కడ నేర్చుకున్నాడో. అది వాడి ఉద్యోగం. ఇంటికెవరొచ్చినా మా అమ్మ డబ్బా నేనే పారబోస్తాను అని చెప్పేవాడు. మొదట్లో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదాన్ని. తర్వాత మెట్ల పైన నిలబడి చూసేదాన్ని. తర్వాత దొడ్డి గుమ్మంలోంచి. నా భయాల జాబితాలో కాలువ లేదు. దాంట్లో నీళ్లు లేవు కదా.

బడులు తెరవడానికి రెండు రోజుల ముందు మా అత్తగారు పాలకి వెళ్లొచ్చి, లాకుల దగ్గర నీళ్లొదిలేరట, రాత్రికి మనకి అందుతాయట అన్నారు. ఆయ్ అన్నాను. మర్నాడు పొద్దున వంటింటి కిటికీలోంచి చూశాను. ఎర్రటి నీళ్లు, నురగ, గడ్డి కట్టలు, ఒక కొబ్బరి మట్ట కొట్టుకుపోతోంది. ఐదు మెట్లలో రెండే పైకి ఉన్నాయి. ఇంక దుప్పట్లు రేవులో జాడించుకోవచ్చు అనుకున్నాను. అంతే అనుకున్నాను.

కాలువకి నీళ్లొచ్చేయని మా వైపు పిల్లలకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు. నాకూ ఎవరూ చెప్పిన గుర్తు లేదు. నీళ్లు పోతాయి, వస్తాయి, అది అందరికీ తెలిసిన సంగతే. కానీ నీళ్లున్న నెలల్లో వాణ్ణి రేవు దాకా ఎవరూ తీసుకెళ్లలేదు. వాడు దిగిన కాలువంటే ఐదు మెట్లు, కింద మట్టి.

ఆ సాయంత్రం నాలుగవుతోంది. వైజాగ్ ఆవిడెవరో పెద్ద బోర్డు అడిగారు, మర్నాడు కొరియర్‌లో వెయ్యాలి. కింద వరస కాగితాలు పరుస్తున్నాను. మా అత్తగారు వీధి అరుగు మీద కుర్చీలో, బాబుని చూసుకుంటూ ఉన్నారు. పాప మంచం మీద కూర్చుని బడి పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది. అది మూడు నుంచి నాలుగో క్లాసుకి వచ్చింది. కాలువ అవతలి తోటలో కొబ్బరి దింపు తీస్తున్నారు. కాయలు నేల మీద పడే చప్పుడు, మధ్యమధ్య చెట్టు మీదాయన కిందవాళ్లని తప్పుకోమని అరుపు.

అప్పుడు గడియ చప్పుడు. అప్పుడు కుంచె గచ్చుకి తగలడం.

కాగితం అప్పటికి సగం తడిసింది.

ఆ తర్వాత నేనేం చేశానో నాకు స్పష్టంగా గుర్తుంది, అదే కష్టం. కంగారు పడి ఉంటే ఏమీ గుర్తుండేది కాదు. నేను కుంచె మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. గచ్చు మీద అంటుకున్న దుమ్ము వేలితో తీసేశాను. జిగురులో ముంచి, జిగురు గిన్నె అంచుకి రాసి, మధ్య నుంచి ఎడమకి తోశాను. ఒక ముడత లావుగా లేస్తే దాన్ని రెండుగా విడదీశాను. వాడు ఇప్పుడు జామచెట్టు దగ్గర ఉంటాడు అనుకున్నాను. మళ్లీ జిగురు ముంచాను. ఇప్పుడు మొదటి మెట్టు అనుకున్నాను. పక్కింటావిడ గురించి అనుకున్నంత మామూలుగా అనుకున్నాను. కుడిపక్క పూర్తయింది. కింద మూల ఒక్కటే ఉంది.

చెట్టు మీంచి కేక వినపడింది. "అమ్మగారండీ! బాబు రేవులోకి దిగుతున్నాడండీ!"

అప్పుడు లేచాను.

బోర్డు మీంచే తొక్కుకుంటూ వెళ్లానో పక్కనుంచి వెళ్లానో తెలీదు. దొడ్డి గుమ్మం తెరిచే ఉంది. వాడు రెండో మెట్టు మీద ఉన్నాడు. డబ్బా పక్కన పెట్టి, ఒక కాలు నీళ్లలోకి చాపి, మూడో మెట్టు కోసం పాదంతో వెతుకుతున్నాడు. నీళ్లు అప్పటికే మోకాలి దాకా ఉన్నాయి. చేతులు దేన్నీ పట్టుకుని లేవు. నేను వెనక నుంచి చంకల కింద చేతులు వేసి ఎత్తేశాను. నా కాలు తగిలి డబ్బా నీళ్లలో పడింది. అది మునగలేదు, తేలుకుంటూ తూము వైపు పోయింది. వాడు దాన్నే చూస్తూ, "అమ్మా, మెట్లు ఎవరు తీసేసేరు?" అన్నాడు.

ఏమీ కాలేదు. ఈ మాట ఆ రోజు అందరూ అన్నారు. ఏమీ కాలేదు కదమ్మా. నిజమే. వాడి నిక్కరు తడిసింది, అంతే.

మా అత్తగారు పడుతూ లేస్తూ వచ్చారు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆవిడకి కునుకు పట్టింది. కుర్చీలోనే. కేక వినపడి లేచారు. వాణ్ణి చూసి, నన్ను చూసి, నుదురు కొట్టుకున్నారు. "నా కళ్లకి చీకట్లు కమ్మేయే అమ్మాయ్. చూస్తూ చూస్తూ మూతబడిపోయేయి," అన్నారు. నేను ఫరవాలేదండీ అనాలి. అనలేదు.

చెట్టు మీదాయన పని అయ్యాక కాలువకి అడ్డంగా వేసిన తాటిపెండె మీద నడిచి వచ్చి, వాడెలా ఉన్నాడో అడిగాడు. కొడవలి నడుముకే ఉంది. దిగుదామంటే చాలాసేపు పడతాదండి, అందుకే కేకేసేను అన్నాడు. తర్వాత మా అత్తగారితో, "మీ కోడలుగారు ఎంత చురుకండీ. నేనింకో కేక వేసేలోపు వచ్చేసేరు," అన్నాడు. తల్లి కదయ్యా అన్నారు ఆవిడ. ఆయనకి మంచినీళ్లూ, రెండు అరటిపళ్లూ ఇచ్చాను. తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంకో సంగతి రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. వాడికి నిక్కరు మార్చి, పాప ఒళ్లో కూర్చోబెట్టి, దొడ్డి గుమ్మానికి పైగడియ కూడా వేసి, నేను మధ్య గదిలోకి వెళ్లి ఆ మూల అంటించాను. మిగిలిన మూల. అంచు అప్పటికే ఆరిపోయింది, గీత పడింది. అయినా అంటించాను.

తర్వాత వాడి చొక్కా విప్పేటప్పుడు చూశాను. వాణ్ణి ఎత్తినచోట, రెండు చంకల కిందా నా చేతుల జిగురు అంటుకుని ఆరింది. ఎడమవైపు ఒక చిన్న టిష్యూ ముక్క కూడా అతుక్కుపోయి ఉంది, ముడతలతో సహా. గోటితో గీకితే బట్ట లేచొస్తోంది గానీ అది రావడం లేదు.

సాయంత్రం మా ఆయన వీడియో కాల్ చేశారు. మేమెవరం నోరు తెరవకముందే పాప చెప్పేసింది. తమ్ముడు కాలవలో పడిపోబోయేడు, మామ్మ పడుకుంది. పిల్లలు మా అత్తగారిని మామ్మ అంటారు. ఆయన బాబుని చూపించమన్నారు, చూశారు. ఫోను అమ్మకివ్వమన్నారు.

ఆయన గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "అమ్మా, నువ్వు చూస్తున్నావనే ధైర్యంతోనే కదా తను పనిలో కూర్చుంటోంది. నిద్రొస్తే ఒక్క మాట చెప్పకూడదా?" అన్నారు.

"ఆయ్, అవున్రా. నాదే తప్పు," అన్నారు ఆవిడ.

నేను పక్కనే ఉన్నాను. వేళ్లకి ఆరిన జిగురు పొరలు పొరలుగా లాగుతున్నాను. అది చర్మంలా ఊడి వస్తుంది, వేలిముద్రలు కూడా ఉంటాయి. ఆ మాటకి నేను తల ఎత్తాను. గడియ చప్పుడు నాకు వినపడిందండీ అని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. ఆయన నా వైపు తిప్పమని, నువ్వు వెంటనే లేచేవు కాబట్టి సరిపోయింది అన్నారు. నేను ఊఁ అన్నాను.

ఫోను పెట్టేశాక మా అత్తగారు లేచారు. గూట్లోంచి తన చేతిసంచీ తీసి రెండు చీరలు, బీపీ మాత్రలు, కళ్లజోడు పెట్టె సర్దుకున్నారు. కపిలేశ్వరపురంలో మా ఆడపడుచు ఉంటుంది. పొద్దున్నే బయల్దేరి, పంటు మీద గోదావరి దాటి అక్కడికి పోతానన్నారు. ఎన్నాళ్లకి వస్తారని అడిగాను. "నాతో ఇంకేం పనమ్మా. నిద్రపోయేదాన్ని కాపలా పెట్టుకుంటే నీకు మాత్రం నిద్ర పడుతుందా?" అన్నారు. దెప్పడం లేదు. మామూలుగానే అన్నారు. బాబు సంచీ మీదెక్కి కూర్చుని నేనూ వస్తానంటే, పాప వాణ్ణి రెక్క పట్టుకుని దింపింది. మామ్మ దగ్గరికి వెళ్లకు, మామ్మ చూడదు అంది. ఆవిడ విన్నారు. విని, సంచీ జిప్పు వేసుకున్నారు.

రాత్రి నేను ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాను. వాడి ఊపిరి కూడా లేచి చూడలేదు, అంతకుముందు ప్రతి రాత్రీ చూసేదాన్ని. ఏదో ఒకటి తగలాలని, తగలక, పొద్దున్న దాకా అలా కళ్లు తెరుచుకునే పడుకున్నాను.

పొద్దున బడి మొదటిరోజు. పాపకి జడలు వేశాను. ఇడ్లీ పెట్టాను. మా అత్తగారు తలస్నానం చేసి, జుట్టు ముడివేసుకుని, సంచీ గుమ్మం దగ్గర పెట్టుకుని, ముక్తేశ్వరం ఆటో కోసం అరుగు మీద కూర్చున్నారు. వెళ్లేముందు మనవడి నోట్లో ఒక ముక్క పెడదామని ఇడ్లీ పళ్లెం పట్టుకుని పిలిచారు. వాడు లేచాడు. పాప చెయ్యి అడ్డం పెట్టింది. వద్దు, నేను పెడతాలే అంది. ఆ మాట అచ్చం నా గొంతులాగే ఉంది. నేను ద్రాక్షపండు కోసేటప్పుడు మాట్లాడే గొంతు.

ఆవిడ పళ్లెం కింద పెట్టేశారు. అది చూశాను. చాలా రోజులకి అది నాకు తగిలింది.

పిల్లలిద్దర్నీ అక్కడే, ఆవిడ ముందే, అరుగు మీద కూర్చోబెట్టాను. నేను కింద మెట్టు మీద కూర్చున్నాను. నేను వాళ్లకి చెప్పింది ఇదీ.

"నిన్న గడియ చప్పుడు మామ్మకి వినపడలేదు. నిద్రలో ఉన్నవాళ్లకి వినపడదు. నాకు వినపడింది. డబ్బా లేదని కూడా చూశాను. తమ్ముడు రేవుకి వెళ్తున్నాడని నాకు తెలుసు. కాగితం తడిసిపోయిందని నేను లేవలేదు. చెట్టు మీదాయన అరిచేదాకా లేవలేదు. తప్పు మామ్మది కాదు, నాది. సాయంత్రం నాన్నకి కూడా ఇదే చెప్తాను."

పాప నన్ను చూసింది, మామ్మని చూసింది. బాబు మాత్రం డబ్బా తిరిగొస్తుందా అని అడిగాడు. రాదన్నాను. కాలువలో ఇప్పుడు నీళ్లున్నాయి, మెట్లు ఎవరూ తియ్యలేదు, నీళ్ల కింద ఉన్నాయి, మళ్లీ వేసవి దాకా నీ ఉద్యోగం లేదు అని చెప్పాను. మా అత్తగారు వీధి వైపు తిరిగి కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఆటో వచ్చి ఆగి హారన్ కొట్టింది. ఆవిడ లేవలేదు.

పాప అప్పుడు అడిగింది. మళ్లీ చప్పుడైతే, మళ్లీ నీ కాగితం తడిగా ఉంటే ఏం చేస్తావని.

"లేస్తాను. నేను లేవకపోతే నువ్వొచ్చి ఆ కాగితం చింపెయ్. తడిగా ఉన్నప్పుడు చిన్న వేలు పెట్టి లాగినా చిరిగిపోతుంది. నిన్నేమీ అనను," అన్నాను.